తవ్విన ఖనిజం మళ్లీ భూమిలోకి వెళ్లదు: గని హక్కుల గొడవల్లో ఇంజంక్షన్లు ఎలా పనిచేస్తాయి

సంక్షిప్తంగా: గని హక్కుల మీద రెండు కంపెనీలు కోర్టుకెక్కితే తుది తీర్పుకు ఏళ్లు పడుతుంది. ఈలోగా తవ్వకం సాగాలా ఆగాలా అన్నది మధ్యంతర ఇంజంక్షన్ తేలుస్తుంది. హక్కు ఎవరిదో అది చెప్పదు. అయినా చాలా గొడవల్లో అసలు ఫలితం దానితోనే తేలిపోతుంది, ఎందుకంటే గనిలో జరిగిన పని వెనక్కి తిరగదు, జరగని పనికి కాలం ఆగదు. కాబట్టి ఇంజంక్షన్ వచ్చిందా లేదా అన్నదాని కంటే, కోర్టు దానికి ఏ షరతులు పెట్టిందన్నదే ఎక్కువ చూడాల్సిన విషయం.

ఫలానా గనిపై కోర్టు స్టే అని వార్త వస్తుంది. చదివినవాళ్లలో చాలామంది కేసు వేసినవాళ్లు గెలిచారనుకుంటారు. పది రోజుల తర్వాత స్టే ఎత్తేసిన హైకోర్టు అని ఇంకో వార్త వస్తుంది, ఈసారి అవతలివాళ్లు గెలిచారనుకుంటారు. నిజానికి రెండుసార్లూ ఎవరూ గెలవలేదు, అసలు విచారణ మొదలే కాలేదు. కానీ ఆ పది రోజుల్లో యంత్రాలు ఆగాయి, లారీలు ఆగాయి, ఓడ ఎక్కాల్సిన సరుకు స్టాక్‌యార్డులోనే ఉండిపోయింది, అప్పిచ్చిన బ్యాంకుకు టెన్షన్ మొదలైంది. తీర్పే కాని ఒక ఉత్తర్వుకు ఇంత బలం ఎలా వచ్చింది?

## స్టే వేరు, ఇంజంక్షన్ వేరు

ముందు ఈ రెండు మాటల్నీ విడదీయాలి, సగం గందరగోళం ఇక్కడే ఉంది. ఇంజంక్షన్ అంటే ఒక మనిషికో కంపెనీకో కోర్టు ఇచ్చే ఆజ్ఞ: ఫలానా పని చేయొద్దు అని, అరుదుగా ఫలానా పని చెయ్యి అని. స్టే అనేది ఒక ఉత్తర్వు అమలునో, కింది కోర్టులో నడుస్తున్న విచారణనో ఆపుతుంది. ప్రభుత్వం ఒక కంపెనీ లీజు రద్దు చేస్తే ఆ కంపెనీ హైకోర్టులో రిట్ వేసి రద్దు ఉత్తర్వు మీద స్టే తెచ్చుకుంటుంది. అదే గనిలో ఇద్దరు భాగస్వాములు పడకపోతే ఒకరు రెండోవారి మీద సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడుగుతారు. స్టే వచ్చినంత మాత్రాన కింది ఉత్తర్వు చెరిగిపోదని, ఆ తేదీ నుంచి అమలు కాకుండా ఉంటుందంతేనని భారత సుప్రీంకోర్టు 1992లో శ్రీ చాముండి మోపెడ్స్ కేసులో స్పష్టంగా చెప్పింది. అయినా రెండింటినీ కలిపి 'స్టే' అనేయడం అలవాటైపోయింది.

కంపెనీల మధ్య గని గొడవలు కొన్ని రకాలుగా వస్తాయి. పక్కపక్క లీజుల సరిహద్దు తగాదా. జాయింట్ వెంచర్లో ఒకరు రెండోవారిని బయటికి నెట్టేయడం. ఖనిజం మాకే అమ్ముతామని రాసిచ్చి ఇంకొకరికి అమ్మడం. వీటన్నిటిలోకీ చిక్కుముడి లాంటిది రైజింగ్ కాంట్రాక్టు. అంటే లీజు ఒకరి పేరు మీద ఉంటుంది, తవ్వి తీసేది ఇంకొకరు, టన్నుకింత అని లెక్క. లీజుదారు కాంట్రాక్టు రద్దు చేస్తే, కోట్లు పెట్టి యంత్రాలు దింపిన కాంట్రాక్టరు గని వదలడు. తనను కదపకుండా ఇంజంక్షన్ అడుగుతాడు. అప్పుడు లీజుదారు తరఫు వాదన ఒకటి కచ్చితంగా వస్తుంది: ప్రభుత్వ అనుమతి లేకుండా లీజును ఇంకొకరికి అప్పగించకూడదు, ఈ కాంట్రాక్టు పేరుకే కాంట్రాక్టు, నిజానికి దొడ్డిదారి బదిలీ, కాబట్టి చెల్లదు. ఆ కాగితం మీద సంతకం పెట్టింది తనే అయినా ఆ వాదన చేయడానికి లీజుదారు వెనకాడడు. కోర్టు ఇద్దరి వైపూ చూడాల్సి వస్తుంది, ఎందుకంటే ఇంజంక్షన్ అడిగేవాడి నడవడిక కూడా సక్రమంగా ఉండాలన్నది పాత నియమం, భారత స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 41వ సెక్షన్లోనూ అది ఉంది.

## కోర్టు వేసుకునే మూడు ప్రశ్నలు

దాదాపు అన్ని కామన్ లా దేశాల్లో (ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయం పాటించే దేశాల్లో) మధ్యంతర ఇంజంక్షన్‌కు చూసేవి మూడే. అడిగినవాడి కేసులో పస ఉందా. ఇప్పుడు ఆపకపోతే తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టం జరుగుతుందా. ఇవ్వడం వల్ల ఒకరికి, ఇవ్వకపోవడం వల్ల ఇంకొకరికి కలిగే ఇబ్బందుల్లో ఏది బరువైనది. లాయర్లు ప్రైమా ఫేసీ కేసు, ఇర్రెపరబుల్ ఇంజురీ, బ్యాలెన్స్ ఆఫ్ కన్వీనియన్స్ అనేవి ఇవే. భారత్‌లో సుప్రీంకోర్టు దల్పత్ కుమార్ కేసు తీర్పును ఇందుకు ఎక్కువగా ఉదహరిస్తారు.

పేర్లు ఒకటే అయినా మెట్టు ఎత్తు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇంగ్లండ్‌లో 1975 నాటి అమెరికన్ సయనమిడ్ కేసు (ఆపరేషన్లలో కుట్లు వేసే దారం పేటెంటు మీద నడిచింది) మొదటి మెట్టును బాగా కిందికి దించింది. విచారించదగ్గ ప్రశ్న ఒకటి ఉంటే చాలు, గెలుస్తాడా లేదా అని అప్పుడే తూచక్కర్లేదంది. కెనడా సుప్రీంకోర్టు 1994లో ఆర్‌జేఆర్ మెక్‌డొనాల్డ్ కేసులో దాదాపు అదే దారి పట్టింది. అమెరికా సుప్రీంకోర్టు మాత్రం 2008లో వింటర్ కేసులో, పూడ్చలేని నష్టం జరగొచ్చేమో అంటే కుదరదు, జరిగే అవకాశమే ఎక్కువని చూపాలని గట్టిగా చెప్పింది.

గనుల విషయానికి వస్తే వీటన్నిటికంటే పనికొచ్చేది పెద్దగా పేరు వినపడని ఇంకో ఇంగ్లిష్ కేసు, 1979 నాటి ఎన్‌డబ్ల్యూఎల్ వర్సెస్ వుడ్స్. మధ్యంతర ఉత్తర్వే అసలు కేసును ముగించేసే పరిస్థితి ఉంటే, ఎవరు గెలిచే అవకాశం ఎంతుందో కూడా అప్పుడే తూచి చూడాలని లార్డ్ డిప్లాక్ అందులో అన్నారు. గని కేసుల్లో చాలా భాగం సరిగ్గా ఈ కోవలోకే వస్తాయి. మూడేళ్లలో అయిపోయే చిన్న నిక్షేపం మీద ఐదేళ్లు కేసు నడిస్తే, తీర్పు వచ్చేనాటికి గెలిచినవాడికి మిగిలేది గొయ్యి. అలాంటిచోట 'విచారించదగ్గ ప్రశ్న ఉంది' అని మాత్రమే చూసి ఉత్తర్వు ఇచ్చేయడం సరిపోదు. పత్రాల్లోకి, సర్వే పటాల్లోకి కాస్త లోతుగా వెళ్లాల్సిందే.

## గని మిగతా ఆస్తుల్లాంటిది కాదని ఎప్పుడు గుర్తించారు

ఒకప్పుడు ఇంగ్లండ్‌లో పరాయి భూమిలోకి చొరబడితే నష్టపరిహారమే తప్ప ఇంజంక్షన్ ఇచ్చేవారు కాదు. దారి తప్పి ఎవడో పొలం తొక్కాడంటే పైర్ల విలువ కట్టి ఇప్పిస్తే సరిపోతుంది కదా అన్నది తర్కం. ఆ గోడకు బీటలు పడింది గనుల దగ్గరే. 1801లో మిచెల్ వర్సెస్ డోర్స్ అనే కేసు వచ్చింది. ప్రతివాది తన సొంత నేలలో బొగ్గు తవ్వడం మొదలుపెట్టి, లోపల్లోపలే పక్కవాడి నేల కిందికి వెళ్లిపోయాడు. పైన చూస్తే గడ్డి కూడా నలగలేదు, కింద ఆస్తి ఖాళీ అయిపోతోంది. ఛాన్సలర్ లార్డ్ ఎల్డన్ ఇంజంక్షన్ ఇచ్చారు. పైరు మళ్లీ పండుతుంది, బొగ్గు పండదు. తీసుకుపోతున్నది భూమి ఇచ్చే ఫలసాయాన్ని కాదు, భూమి సారాన్నే అన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది.

ఎనిమిది దశాబ్దాల తర్వాత ఇదే సూత్రం అమెరికాలో ఒక కర్ర గుంజ మీద నిలబడింది. 1880 జూన్‌లో కొలరాడోలో ఒక అన్వేషకుడు ఖనిజ ఈనె (రాతిలో పట్టీలా సాగే ఖనిజం) కనిపెట్టి, అక్కడ గుంజ పాతి, దానికి 'హాక్ లోడ్' అని పేరు రాసి, తనకు ఐదో వంతు, భాగస్వామికి నాలుగు వంతులు అని వాటాలు కూడా రాశాడు. రెండు వారాలు తిరక్కుండానే వేరేవాళ్లు వచ్చి ఆ గుంజ పీకేసి తమది పాతారు, తవ్వడం మొదలుపెట్టారు. 1885లో ఎర్‌హార్ట్ వర్సెస్ బొవారో కేసుగా ఇది అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది. హక్కు ఎవరిదో ఇంకా తేలకపోయినా, ఖనిజం తీసుకుపోవడం అంటే ఆస్తి మూలాన్నే నాశనం చేయడం కాబట్టి తేలేదాకా ఆపొచ్చని, ఇది ఇప్పుడు మామూలుగా పాటిస్తున్న పద్ధతేనని కోర్టు చెప్పింది. కింది కోర్టు ఎత్తేసిన ఇంజంక్షన్‌ను మళ్లీ పెట్టించింది.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. భూమిలో ఉన్నంతవరకూ ఖనిజం స్థిరాస్తి. తవ్వి బయట పోసిన క్షణం నుంచి చరాస్తి. లారీ ఎక్కుతుంది, వేరే గని ఖనిజంతో కలిసిపోతుంది, క్రషర్లో పడి పొడవుతుంది, చేతులు మారుతుంది. వివాదంలో ఉన్న ఇల్లు ఎవరు కొన్నా ఉన్నచోటే ఉంటుంది, వెళ్లి చూపించొచ్చు. వివాదంలో ఉన్న ఖనిజం ఓడలో ఇంకో దేశం చేరాక ఇది గనిలో ఫలానా మెట్టు (బెంచ్) లోదని ఎవరూ చూపించలేరు. గని కేసుల్లో అవతలివాళ్లకు నోటీసు కూడా ఇవ్వకుండా ఎక్స్‌పార్టీ ఉత్తర్వు కోసం పరుగెత్తడానికి కారణం ఇదే.

## ధర ఉన్న సరుకే కదా, డబ్బిస్తే చాలదా?

ఇంజంక్షన్‌ను వ్యతిరేకించే లాయరు మొదట వేసే ప్రశ్న ఇది, కొట్టిపారేయదగ్గది కాదు. ఇనుప ఖనిజానికో రాగికో అంతర్జాతీయ మార్కెట్ ధర ఉంది. ఎన్ని టన్నులు పోయాయో కాటా రశీదులున్నాయి. గుణిస్తే నష్టం వచ్చేస్తుంది, పూడ్చలేనిది ఏముంది?

1880లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టు కూడా అదే) తీర్పిచ్చిన లివింగ్‌స్టన్ వర్సెస్ రాయార్డ్స్ కోల్ కంపెనీ కేసు ఈ వాదనకు పాత ఆధారం. కంపెనీ తనదే అనుకుని, నిజాయతీగానే, పక్కవాళ్ల చిన్న స్థలం కింది బొగ్గు తీసేసింది. ఆ బొగ్గుకు రాయల్టీ ఎంత వస్తుందో అంత ఇస్తే సరిపోతుందని తేల్చారు. తెలిసి దొంగిలించినవాడికి లెక్క వేరు, తవ్వకం ఖర్చు కూడా మినహాయించరు. తెలియక చేసినవాడికి మినహాయిస్తారు.

కానీ ఈ లెక్క తవ్వేసిన ఖనిజానికి బాగానే కుదురుతుంది. కేసు ఒక గని మొత్తం మీద అయితే? కింద ఎంత ఉందన్నది అంచనాయే, డ్రిల్లింగు పెరిగే కొద్దీ మారుతుంది. ఏ సంవత్సరం ధర తీసుకోవాలి? ఇనుప ఖనిజం 2011 మొదట్లో టన్ను 190 డాలర్ల దరిదాపులకు వెళ్లి, 2015 డిసెంబరుకు 40 డాలర్ల లోపుకు పడిపోయింది. తవ్వకం ఏ ఏడాది జరిగేదన్న ఒక్క ఊహ మారితే పరిహారం నాలుగైదు రెట్లు అటూ ఇటూ అవుతుంది.

కెనడాలో లాక్ మినరల్స్ వర్సెస్ ఇంటర్నేషనల్ కరోనా కేసు దీనికి మంచి ఉదాహరణ. కరోనా చిన్న కంపెనీ, ఒంటారియోలోని హెమ్లోలో బంగారం కోసం డ్రిల్లింగు చేస్తోంది. భాగస్వామ్యం మాటలంటూ వచ్చిన పెద్ద కంపెనీ లాక్‌కు తన ఫలితాలు చూపించింది, పక్క స్థలం కూడా కొనాలనుకుంటున్నామని చెప్పింది. లాక్ వెళ్లి ఆ పక్క స్థలం తన పేరున కొనేసింది. కేసు నడుస్తుండగానే అక్కడ గని కట్టింది, బంగారం తీసింది. 1989లో సుప్రీంకోర్టు గనినే కరోనాకు అప్పగించమంది. అలాంటి ఆస్తికి సరైన విలువ కట్టడం దాదాపు అసాధ్యం కాబట్టి డబ్బు సరిపోదని తేల్చింది. దానితోపాటు, లాక్ గని మీద పెట్టిన ఖర్చు కింద కరోనా సుమారు 15 కోట్ల 40 లక్షల కెనడా డాలర్లు చెల్లించాలన్న కింది కోర్టు లెక్క కూడా నిలిచింది. అంటే చివర్లో న్యాయం చేయాలంటే కట్టిన గనిని, పెట్టిన ఖర్చును, వచ్చిన లాభాన్ని అన్నిటినీ విప్పి మళ్లీ పంచాల్సి వచ్చింది. మొదట్లో ఆపడమా వద్దా అన్న ప్రశ్న ఎందుకంత బరువైనదో ఈ లెక్కలే చెబుతాయి.

## ఆపినా నష్టమే

ఇప్పటిదాకా చెప్పింది ఒక వైపు. తవ్వకం ఆపేస్తే ఖనిజం ఎక్కడికీ పోదు కదా, భూమిలో భద్రంగా ఉంటుంది కదా అన్న మాట వినడానికి బాగుంటుంది. గని దగ్గర నిలబడి చూస్తే అంత తేలిక కాదు.

నీళ్లు మొదటి సమస్య. జాంబియాలోని కొంకోలా రాగి గని ప్రపంచంలోనే అత్యంత నీటి ఊట ఉన్న గనుల్లో ఒకటి, రోజుకు దాదాపు 3 లక్షల ఘనపు మీటర్ల నీరు పైకి తోడాలి. అలాంటిచోట గనిలో ఏ పనీ చేయొద్దు అని ఉత్తర్వు రాస్తే, పంపులు కూడా ఆపాలా అన్న సందేహంతోనే గని మునిగిపోవచ్చు. పైకప్పుకు ఆధారాలు వేయడం, గాలి సరఫరా, వాలు కట్టల నిర్వహణ ఇవన్నీ తవ్వకం ఆగినా ఆగకూడనివి. అనుభవం ఉన్న లాయర్లు ఉత్తర్వు ముసాయిదాలో భద్రత, నీటి తోడకం మినహాయింపు అని విడిగా రాయించుకునేది అందుకే.

తర్వాత గడియారం. లీజుకు కాలపరిమితి ఉంటుంది. భారత గనుల చట్టం ప్రకారం వరుసగా రెండేళ్లు తవ్వకం లేకపోతే లీజు లుప్తమయ్యే ప్రమాదం ఉంది, లీజుదారు కారణాలు చూపి పొడిగింపు కోరాలి. తవ్వకపోయినా డెడ్ రెంట్ (లీజుకు కట్టాల్సిన కనీస అద్దె) కట్టాలి. అప్పు మీద వడ్డీ ఆగదు. నైపుణ్యం ఉన్న మనుషులు వేరే పని చూసుకుంటారు, మళ్లీ పిలిస్తే రారు. ధరలు బాగున్న రెండేళ్లు కోర్టులో గడిచిపోయి, ధర పడిపోయాక అనుమతి వస్తే ఆ రెండేళ్లనూ ఎవరూ తిరిగివ్వలేరు. అవతలివాడిని దారికి తెచ్చుకోవడానికి బలహీనమైన కేసుతోనైనా ఇంజంక్షన్ కోసం ప్రయత్నించేవాళ్లు ఉన్నది ఇందుకే, ఇది దాచాల్సిన విషయం కాదు.

అందుకే ఆలస్యాన్ని కోర్టులు అంత తీవ్రంగా చూస్తాయి. పక్కవాడు షాఫ్ట్ దింపుతున్నంత కాలం, కన్వేయరు కడుతున్నంత కాలం చూస్తూ ఊరుకుని, తీరా ఖనిజం బయటపడ్డాక ఇంజంక్షన్ కావాలని వస్తే, ఇన్నాళ్లూ ఏం చేశారన్న ప్రశ్న మొదటి వాయిదాలోనే పడుతుంది.

పరిస్థితి మారితే ఇబ్బందుల తూకం కూడా మారుతుంది. బంగాళాఖాతంలోని కేజీ-డీ6 గ్యాస్ వివాదం నేల గని కాకపోయినా తర్కం అదే. గ్యాస్ తనకు అమ్మాలని రిలయన్స్ నేచురల్ రిసోర్సెస్ (ఆర్‌ఎన్‌ఆర్‌ఎల్) అనే కంపెనీ రిలయన్స్ ఇండస్ట్రీస్ మీద వేసిన కేసులో 2007లో బొంబాయి హైకోర్టు ఆ గ్యాస్‌ను ఇతరులకు అమ్మకుండా నిలువరించింది. అప్పటికి గ్యాస్ ఇంకా సముద్రం అడుగునే ఉంది, ఆపినా ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు. 2009 మొదట్లో ఉత్పత్తి దగ్గరపడ్డాక అదే కోర్టు అమ్మకాలకు వీలిచ్చింది. ఆ ఏప్రిల్‌లో గ్యాస్ వచ్చింది. హక్కుల సంగతి సుప్రీంకోర్టు 2010 మే నెలలో తేల్చింది. రెండు మధ్యంతర ఉత్తర్వులూ ఒకదానికొకటి విరుద్ధం అనిపిస్తాయి కానీ ఏ రోజు పరిస్థితికి ఆ రోజు సరిపోయాయి.

## అసలు విషయం షరతుల్లో ఉంది

పూర్తిగా ఆపడం, పూర్తిగా వదిలేయడం మధ్య చాలా దారులున్నాయి. తవ్వొచ్చు కానీ అమ్మకూడదు. అమ్మొచ్చు కానీ డబ్బు ఎస్క్రో ఖాతాలో (కేసు తేలేదాకా ఎవరూ తీయలేని ఖాతాలో) వేయాలి. నెలకింతకు మించి తీయకూడదు. గొడవ ఉన్న సరిహద్దుకు ఇన్ని మీటర్ల లోపలికి రాకూడదు. రిసీవరు (ఆస్తిని చూసుకోవడానికి కోర్టు నియమించే వ్యక్తి) చేతికి గని అప్పగించాలి. భారత సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ)లో ఆర్డర్ 39 ఇంజంక్షన్లకు, ఆర్డర్ 26 కమిషనర్లకు (చోటుకు వెళ్లి చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు పంపేవాళ్లకు), ఆర్డర్ 40 రిసీవర్లకు దారి చూపుతాయి. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) షరతు ఉంటే 1996 ఆర్బిట్రేషన్ చట్టం 9వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లొచ్చు, కానీ ఆర్బిట్రేషన్ మొదలవకముందే ఉత్తర్వు వస్తే 90 రోజుల్లో దాన్ని మొదలుపెట్టాలి.

కమిషనర్ వెళ్లిన రోజు గని దగ్గర ఏం జరుగుతుందో చూస్తే ఈ షరతుల విలువ తెలుస్తుంది. ఒక సర్వేయరు, ఇరుపక్షాల లాయర్లు, ఇరుపక్షాల ఇంజినీర్లు, డ్రోన్ ఎగరేసే కుర్రాడు ఒకడు. ముందు గొయ్యి అంచులు, అడుగు మట్టం కొలిచి పటం మీద పెడతారు, రేపు ఎవరైనా ఒక్క మీటరు తవ్వినా తెలియాలి. తర్వాత స్టాక్‌యార్డు. ప్రతి కుప్పకూ సున్నంతో నంబరు వేస్తారు. సాంపిల్ తీసి మూడు సంచుల్లో పోసి సీలు వేస్తారు, చెరొకటి, కోర్టుకొకటి. గొడవ ఇక్కడే మొదలవుతుంది. డ్రోన్ ఇచ్చేది ఘనపరిమాణం, కోర్టుకు కావాల్సింది టన్నులు, మధ్యలో సాంద్రత అనే అంకె ఒకటుంది. కుప్పలన్నీ కలిపి 50,000 ఘనపు మీటర్లు అనుకుంటే, ఒకరు ఘనపు మీటరుకు 2.2 టన్నులంటారు, ఇంకొకరు 2.5 అంటారు. తేడా 15,000 టన్నులు. ఆ రోజు ఆ అంకెను రాయించుకోకపోతే, రెండేళ్ల తర్వాత కుప్పలు లేనప్పుడు దాని మీద వాదించుకోవడం తప్ప ఎవరూ చేసేదేమీ ఉండదు.

'స్టేటస్ కో పాటించాలి' అనే ఒక్క వాక్యం ఉత్తర్వు ఎందుకు ప్రమాదకరమో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. ఏ తేదీ నాటి యథాతథ స్థితి? తవ్వుతూ ఉండటమే యథాతథ స్థితి అని ఒకరు, తవ్వకం మొదలు కాకముందు ఉన్నదే యథాతథ స్థితి అని ఇంకొకరు. ఇద్దరూ అదే కాగితం పోలీసులకు చూపిస్తారు. గని కేసుల్లో వివరం లేని స్టేటస్ కో ఉత్తర్వు గొడవను తగ్గించకపోగా గేటు దగ్గరికి తెస్తుంది.

మరో షరతు అండర్‌టేకింగ్. ఇంజంక్షన్ తీసుకున్నవాడు చివరికి ఓడిపోతే, ఈలోగా అవతలివాడికి జరిగిన నష్టం ఎవరు భరించాలి? ఇంగ్లండ్‌లో ఆ నష్టం కడతానని రాసివ్వకుండా మామూలుగా ఇంజంక్షన్ దొరకదు, పెద్ద కేసుల్లో బ్యాంకు గ్యారంటీ కూడా అడుగుతారు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో రూల్ 65 కింద సెక్యూరిటీ కట్టాలి. భారత్‌లో సరైన ఆధారం లేకుండా ఇంజంక్షన్ తెచ్చుకుంటే సీపీసీ 95వ సెక్షన్ కింద ఇప్పించగలిగే పరిహారం గరిష్ఠంగా 50,000 రూపాయలు. గని ఒక్క పూట ఆగితే పోయేదానికి ఆ మొత్తం ఏ మూలకూ రాదు. అందుకే ఉత్తర్వులోనే తగిన సెక్యూరిటీ షరతు పెట్టించుకోవడం అక్కడ ఇంకా అవసరం. ఈ విషయం మీద లాయర్లు ఎంత గట్టిగా వాదించాలో అంత గట్టిగా వాదించడం తక్కువ.

ఎక్స్‌పార్టీ ఉత్తర్వులకూ కట్టడి ఉంది. నోటీసు ఇవ్వకపోవడానికి కారణాలు రాయాలి, 30 రోజుల్లో ఇంజంక్షన్ దరఖాస్తు తేల్చే ప్రయత్నం చేయాలి అని ఆర్డర్ 39 రూల్స్ 3, 3ఏ చెబుతాయి. కేసు పడుతుందని అనుమానం ఉన్న కంపెనీలు ముందే కేవియట్ (తమ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దన్న అర్జీ) వేసుకుంటాయి, అది 90 రోజులు పనిచేస్తుంది.

## ఉత్తర్వును తప్పించుకుంటే: బ్యూట్ రాగి యుద్ధం

కాగితం మీద ఉత్తర్వుకూ భూమి లోపలి వాస్తవానికీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో అమెరికాలోని మోంటానా రాష్ట్రం, బ్యూట్ పట్టణం 1900 ప్రాంతంలో చూపించింది. 1872 అమెరికా గనుల చట్టం ప్రకారం ఖనిజ ఈనె తల ఎవరి స్థలంలో పైకి తేలితే వాళ్లు దాన్ని అనుసరిస్తూ పక్కవాళ్ల స్థలం కిందికి కూడా వెళ్లొచ్చు. బ్యూట్ నేల కింద ఈనెలు ముక్కలై, మెలికలు తిరిగి ఉంటాయి, ఏ తల ఎవరిదో చెప్పడం నిపుణులకే కష్టం. ఎఫ్. అగస్టస్ హైన్జ్ అనే వ్యాపారి ఈ సందు వాడుకుని పెద్ద కంపెనీ అమాల్గమేటెడ్ కాపర్ మీద వరస కేసులు వేశాడు.

మైకేల్ డేవిట్ గనిలో తవ్వొద్దని ఫెడరల్ కోర్టు హైన్జ్ కంపెనీకి ఇంజంక్షన్ ఇచ్చింది. అతడు ఆ హక్కులను ఇంకో కంపెనీ పేరుకు మార్చి, ఇంజంక్షన్ ఆ కంపెనీకి వర్తించదని తవ్వకం కొనసాగించాడు. భూమి లోపల రెండు వర్గాల కార్మికులు ఆవిరి, సున్నం, డైనమైటు ప్రయోగించుకున్నారు. 1903 అక్టోబరులో స్థానిక జడ్జి విలియం క్లాన్సీ హైన్జ్‌కు అనుకూలంగా ఉత్తర్వులిచ్చాడు. అమాల్గమేటెడ్ రాష్ట్రమంతటా తన పనులన్నీ మూసేసింది, శీతాకాలం ముంగిట వేలాది కుటుంబాలకు కూలి లేకుండా పోయింది. పక్షపాతం ఉందనుకుంటే జడ్జిని మార్చమని కోరే చట్టం చేస్తేనే తెరుస్తామంది. గవర్నరు ప్రత్యేక సమావేశం పిలిచాడు, డిసెంబరులో చట్టం వచ్చింది.

ఇప్పటి ఇంజంక్షన్లలో కంపెనీతోపాటు దాని అనుబంధ సంస్థలు, ఏజెంట్లు, హక్కులు బదిలీ పొందినవాళ్లు అంటూ పొడుగాటి జాబితా కనిపించేది ఇలాంటి అనుభవాల వల్లే. ఉత్తర్వు సంగతి తెలిసి కూడా ఉల్లంఘనకు సాయం చేసిన బయటివాళ్లూ కోర్టు ధిక్కారం కింద ఇరుక్కోవచ్చు. వివాదంలో ఉన్న ఖనిజం కొనేవాళ్లు, రవాణా చేసేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. భారత్‌లో ఆర్డర్ 39 రూల్ 2ఏ కింద ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు ఉన్నాయి.

## సరిహద్దు దాటితే, బేరం మొదలైతే

గని ఒక దేశంలో, ఆర్బిట్రేషన్ ఇంకో దేశంలో, వాటాదారులు మూడో దేశంలో ఉంటే ఉత్తర్వు ఎంత దూరం పనిచేస్తుందన్నది వేరే సమస్య. పైన చెప్పిన కొంకోలా గనే దీనికీ ఉదాహరణ. 2019లో జాంబియా ప్రభుత్వ హోల్డింగ్ కంపెనీ కొంకోలా కాపర్ మైన్స్‌ను లిక్విడేషన్‌లోకి (కంపెనీని మూసి ఆస్తులు అమ్మే ప్రక్రియలోకి) నెట్టింది. మెజారిటీ వాటాదారు వేదాంత దక్షిణాఫ్రికా హైకోర్టుకు వెళ్లి అడ్డుకునే ఉత్తర్వు తెచ్చుకుంది. గని ఉన్నది మాత్రం జాంబియాలో, అక్కడ లిక్విడేటరు పని సాగుతూనే ఉంది. 2020 నవంబరులో జాంబియా సొంత అప్పీల్ కోర్టు ఆ ప్రక్రియను నిలిపి ఆర్బిట్రేషన్‌కు పంపాకే పరిస్థితి కదిలింది. గని తిరిగి వేదాంత చేతికి వచ్చింది ఆ తర్వాత కుదిరిన ఒప్పందంతో.

ఒప్పందం దాకా రావడమే ఇలాంటి చాలా కేసుల ముగింపు. మధ్యంతర ఉత్తర్వు వచ్చిన మరుసటి రోజు నుంచి బేరంలో ఎవరి చేయి పైనుందో మారిపోతుంది, రెండు వైపులా లెక్కలు మళ్లీ వేసుకుంటారు. 2018 ఏప్రిల్‌లో కాంగోలో గ్లెన్‌కోర్ అనుబంధ సంస్థల మీద వెంటోరా అనే కంపెనీ రాయల్టీ బకాయిల కోసం ఆస్తుల స్తంభన ఉత్తర్వులు తెచ్చింది. వెంటోరా యజమాని మీద అమెరికా ఆంక్షలు ఉండటంతో చెల్లింపులు ఆగిపోయి మొదలైన గొడవ అది. జూన్ నాటికి డాలర్లలో కాకుండా యూరోల్లో చెల్లించేలా రాజీ కుదిరింది. అసలు హక్కు మీద పూర్తి విచారణ అక్కర్లేకుండానే రెండు నెలల్లో తేలిపోయింది.

మధ్యంతర రక్షణ దొరకనిచోట దారి చాలా పొడుగ్గా ఉంటుంది. బలూచిస్తాన్‌లోని రెకో డిక్ రాగి, బంగారం నిక్షేపానికి తెథ్యాన్ కాపర్ కంపెనీ (బారిక్ దీని యజమానుల్లో ఒకటి) అడిగిన లీజును 2011 నవంబరులో నిరాకరించారు. అంతర్జాతీయ ట్రిబ్యునల్ మధ్యంతర చర్యలు ఇవ్వలేదు. 2019 జులైలో పరిహారం, వడ్డీ కలిపి దాదాపు 580 కోట్ల డాలర్లు కట్టాలని పాకిస్తాన్‌ను ఆదేశించింది. 2022లో రాజీ కుదిరి, సగం వాటాతో బారిక్ కంపెనీ మళ్లీ అదే ప్రాజెక్టులోకి వచ్చింది. లీజు కాదన్న రోజు నుంచి రాజీ దాకా పదేళ్లకు పైనే గడిచాయి, అన్నాళ్లూ ఆ కొండ కింది రాగి ఎవరికీ అందలేదు.